వల్లి పొయ్యి మీద ఓటు

పుదుచ్చేరి,
14 ఆగస్టు 2024.

మన అపార్టుమెంటు సంఘం కార్యదర్శి నరసింహన్ గారికి, సరిగ్గా మీ నెత్తిమీది ఇంట్లో కాపురముంటున్న ఫణిధర్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమేనని మీ టీవీ మోత వల్ల రోజూ తెలుస్తూనే ఉంది.

మీ కింది ఇంటి వల్లి సోమవారం ఇల్లు అమ్మడానికి అడ్వాన్సు పుచ్చుకుంటోంది. వైతికుప్పం చేపల బజారులో ఇరవై ఏళ్లు చేపలమ్మి కొనుక్కున్న ఇల్లు. ఆమె తన వంటింట్లో ఎండుచేపలు వండకూడదని మనం చీటీలు వేసి తీర్మానించాం. అదీ ఆమె బజారులో ఉండే వేళ చూసి మీటింగు పెట్టారు. నిషేధానికి పది చీటీలు, వద్దని ఒకటి.

ఆ రోజు నేను లేచి ఇది అన్యాయమంటే, "ఏంది వాద్యారే, పది ఇండ్లు సుఖంగా ఉంటాయంటే ఒక ఇల్లు సర్దుకుంటే ఏం? మీ ఎకనామిక్సు చెప్పేది ఇదే గదా" అన్నారు మీరు. అందరూ నవ్వారు. యానాంలో ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పినవాణ్ణి. మీరు మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశారు. లిఫ్టు, నీళ్ల ట్యాంకు, మెట్లు పదిమందీ కలిసి తేల్చుకోవాల్సినవి. నా పొయ్యి మీద ఏం ఉడకాలో నేను తేల్చుకోవాల్సింది. వాసన గోడ దాటుతుంది, నిజమే. మీ సాంబ్రాణి పొగ కూడా పైకొచ్చి నాకు దగ్గు తెప్పిస్తుంది. దానికీ చీటీలు వేయిద్దామా? పక్కవాడి కంచం మీద మనకుండే ఏవగింపును కూడా ఓటుగా లెక్కిస్తే, ఇక ఎవరి కంచమూ వాళ్లది కాదు.

"ఆమెను ఎవురూ పొమ్మనలా గదా" అన్నారు మొన్న మెట్ల మీద. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనండీ.

ఆదివారం మీటింగు పెట్టి తీర్మానం రద్దు చేయండి. లేదంటే కోర్టుకెళతాను. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు, వేరే పనేం లేదు.

ఇట్లు,
ఫణిధర్

తా.క. ఆ ఒక్క చీటీ నాదని మీరూ, వల్లీ, అందరూ అనుకుంటున్నారు. కాదు. అంత మాట్లాడి కూర్చున్నాక, ముందురోజు నా కిటికీలోంచి వచ్చిన వాసన గుర్తొచ్చింది. నిషేధానికే రాశాను. ఆ ఒక్కటి ఎవరు వేశారో నాకు తెలియదు. నిన్న సాయంత్రం వల్లి గిన్నెలో వంకాయ పులుసు తెచ్చి, "నా పక్కన నిలబడింది మీరొక్కరే సార్, భయం లేకుండా తినండి, చేప వేయలేదు, రూలు కదా" అంది. గిన్నె పుచ్చుకున్నాను. ఆదివారం ఈ ఉత్తరం అందరి ముందూ చదవండి, ఈ నాలుగు ముక్కలూ వదలకుండా. ఈసారి వల్లి ఇంట్లో ఉండే వేళ చూసి పెట్టండి.