నిమ్మవాసన లేని ఆరింతు

మా బెనెదీతక్కకి,

ఈ ఉత్తరం ఒంటరిగా కూర్చుని చదువు. బావకు కూడా చెప్పకు.

నాకు వాసన పోయిందక్కా. మొన్నటి జ్వరం వెళ్తూ వెళ్తూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. రొట్టె మాడినా తెలియదు, చేప మురిగినా తెలియదు. ఉప్పూ పులుపూ నాలుకకు తగులుతున్నాయి, తక్కినదంతా శూన్యం. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను.

మా బుసెలష్ ఊళ్ళో, మా హోటల్లో ఆరింతు అనే తెల్ల వైన్ పోయడం ఎంత తంతో నీకు తెలియనిదా? కొత్తదైతే కొత్తిమీర, వెల్లుల్లి వేసిన ఆల్చిప్పలకు, నాలుగేళ్ళు నిలవున్నదైతే ఉప్పుచేప వేపుడుకు జోడీ. మరీ మంచులో పెడితే ఆ నిమ్మవాసన చచ్చిపోతుంది, వెచ్చబడితే పులుపు పళ్ళు లాగేస్తుంది. సీసా తెరవగానే నేను బిరడా వాసన చూసి "ఊఁ" అంటేనే అది బల్ల మీదికి వెళ్ళాలి. నేను కోడలిగా వచ్చిన రోజు నుంచీ అత్తగారు పెట్టిన కట్టడి ఇది. ఇప్పుడు ముక్కు దగ్గర బిరడా పెట్టుకుని ఉత్తుత్తి "ఊఁ"లు అంటున్నాను. ప్రతి సీసాకీ చెమటలు పడుతున్నాయి.

నిన్న ఒకాయన గ్లాసు వెనక్కి తోసేసి, తడిసిన గోనెసంచి కంపు అన్నాడు. అత్తగారు వచ్చి ఒక గుక్క తాగి, వైన్ లక్షణంగా ఉంది, మీరే పొద్దున ఏం తిన్నారో అని ఆయన్నే దబాయించింది. నన్ను వెనకేసుకొచ్చే మనిషి కాదావిడ. నా దొంగాట కనిపెట్టి అదను కోసం కాచుకుని ఉందని నా భయం. ఆదివారం మా హోటల్లో బాప్తిస్మం విందు, ఊరంతా వస్తుంది. ఆ రోజు పట్టుబడ్డానా, వంటిల్లు ఆడబిడ్డ చేతికి వెళ్తుంది. వంటిల్లు పోయాక ఈ ఇంట్లో నేనెవరినక్కా?

భయంతో నిద్రలేని నీ చెల్లెలు,
ఒతీలియా

అక్కా,

నిన్నటి ఉత్తరం నీకు అందకముందే కంగారులో ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే కూడబలుక్కుని చదువుకో.

ఈ పొద్దున నేను వెల్లుల్లి ఒలుస్తుంటే, అత్తగారు పొయ్యి పక్కనే కూర్చుని కొత్తిమీర తుంచుతోంది. పొయ్యి వెలిగిద్దామని అగ్గిపుల్ల తీశాను. అంతలో చేపలమ్మే జుల్మీరా వాకిట్లోనే బుట్ట పడేసి లోపలికి ఉరికొచ్చి, నా చేతిలో అగ్గిపెట్టె లాగేసుకుంది. గ్యాసు కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసింది. గొట్టం ఊడిపోయి ఉంది. కంపు వీధిలోకి కొడుతోందట.

"ఇద్దరూ కలిసి ముక్కులు ఏ సంతలో అమ్ముకున్నారే?" అంది.

ఆ 'ఇద్దరూ' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నాకు తెలియలేదు సరే, పొయ్యికి బారెడు దూరంలో ఉన్న మనిషికి ఎందుకు తెలియలేదు? జుల్మీరా వెళ్ళేదాకా ఆగి అత్తగారి వైపు చూశాను. ఆవిడ కొత్తిమీర తుంచుతూనే అంది:

"నాకు వాసన నువ్వు ఈ ఇంటికి రాకముందే పోయింది పిల్లా. మీ మామయ్యకి కూడా చెప్పలేదు. నీ ముక్కుతోనే ఇన్నేళ్ళూ హోటలు నెట్టుకొచ్చాను. ఇప్పుడు నీక్కూడానా?"

అవునన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చెప్పుకుంటే భయం సగమవుతుందంటారు, మాకు మాత్రం రెట్టింపయింది. నన్ను పట్టుకుంటుందని ఇన్నాళ్ళు వణికాను. పట్టుకునేవాళ్ళే లేరని తెలిస్తే అంతకన్నా వణుకు వస్తోంది. మొన్న గ్లాసు వెనక్కి తోసినాయన చెప్పింది నిజమేనేమో. ఈ పొద్దున ఒక్క పుల్ల గీసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

హోటలు మూసేద్దామన్నాను. మూసేసి ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుందామా అంది. అంతలోనే, మీ అక్కకు వాసన బాగా తెలుస్తుందా అని అడిగింది. తెలుస్తుందన్నాను.

"అయితే రమ్మను. కాళ్ళు పట్టుకుంటానన్నానని రాయి."

కన్నకొడుకు ముందు కూడా తల వంచని మా అత్తగారు ఎర్మెలిందా నోట వచ్చిన మాట ఇది. అది విన్నాక నాకు ఇంకా భయంగా ఉందక్కా. శనివారం మొదటి బస్సుకే వచ్చెయ్.

నీ ఒతీలియా