ఉప్పలమ్మ ఈల మీద విచారణ

మాణికేశ్వర్ నగర్, సోమవారం

బాలికల కబడ్డీ పోటీల కార్యదర్శి సూర్యనారాయణ గారికి,

తార్నాక మెట్రో కింద టిఫిన్ బండి నడిపే భాగ్య నమస్కారం చేసి రాస్తున్నది. ఫోన్ చేస్తే మీ ఆఫీసులో "ఫిర్యాదులు కాగితం మీదనే తీసుకుంటమమ్మా" అన్నారు. అందుకని ఈ ఉత్తరం.

నిన్న యూనివర్సిటీ మైదానంలో మా సర్కారు బడికీ, నీలం కోట్ల ప్రైవేటు బడికీ లీగ్ మ్యాచ్ జరిగింది కదా. మా నవత కూతకు వెళ్లిన ప్రతిసారీ అవతలి బడి తల్లిదండ్రులు బూరలు ఊదారు. ఒకావిడ నీళ్ల సీసా విసిరింది. అదీ ఖాళీది కాదు, మూత కూడా తీయని నిండు సీసా. అది నా బిడ్డ మోకాలికి తగిలింది. వాళ్లనేమో మీరు మైకులో "దయచేసి సహకరించండి" అని బతిమాలారు. మా అత్తమ్మ ఉప్పలమ్మ నోట్లో రెండు వేళ్లు పెట్టి ఒకే ఒక్కసారి ఈల వేసింది. ఆమెను గేటు బయటికి పంపి, వచ్చే ఆదివారం ఫైనల్‌కు రావద్దని కాగితం చేతిలో పెట్టారు.

ఫైనల్లో స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లు పిల్లల్ని ఎంపిక చేసుకుంటారట. నవత మాత్రం "నానమ్మ రాకుంటే నేను ఆడ" అని కూర్చుంది. మీరే న్యాయం చెప్పండి.

ఇట్లు,
బిడ్డ మోకాలికి కాపడం పెడుతూ,
భాగ్య

తా.క. అత్తమ్మకు అరవై ఎనిమిదేళ్లు. తనను బయటికి తేవడానికి ఇద్దరు గార్డులు వచ్చారని వాడంతా తిరిగి గొప్పగా చెప్పుకుంటున్నది. మీరు వేసింది శిక్షో, చేసింది సన్మానమో నాకు అర్థం కాలేదు.


పోటీల కార్యాలయం, మంగళవారం

శ్రీమతి భాగ్య గారికి,

మీ ఫిర్యాదు అందినది. మా సంఘం దృష్టిలో అందరూ సమానులే. అయితే బూరలు, సీసాలు ఉత్సాహం కిందికి వస్తాయి. ఈల రిఫరీ అధికారం కిందికి వస్తుంది. ఆ ఈల విని రెండు జట్లూ ఆగిపోయాయి. నవతను పట్టుకున్న నలుగురూ ఆమెను వదిలేశారు. ఆమె తాపీగా నడుచుకుంటూ మధ్య గీత దాటింది. పక్క మైదానంలో ఫుట్‌బాల్ కూడా ఆగింది.

మనిషి నోటితో అంత శబ్దం రాదని మా రిఫరీ రాసి ఇచ్చాడు. కాబట్టి ఉప్పలమ్మ గారు ఏదో పరికరం వాడి ఉండాలి. దాన్ని శుక్రవారంలోగా మా కార్యాలయంలో జమ చేసి రసీదు పొందగలరు. ఆ తరువాతే నిషేధం సంగతి ఆలోచిస్తాము.

భవదీయుడు,
సూర్యనారాయణ
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, కార్యదర్శి

తా.క. ఆ పరికరం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుపగలరు. మా రిఫరీలు అడుగుతున్నారు.


మాణికేశ్వర్ నగర్, బుధవారం

కార్యదర్శి గారికి భాగ్య మళ్లీ నమస్కరించి,

పరికరం జమ చేయమన్నారు. అందులో కుడి చేతి వేళ్లు రెండు, ముందు పళ్లు నాలుగు ఉన్నాయి. తయారైంది జనగామ దగ్గర ఒక జొన్న చేనులో. చిన్నప్పుడు మంచె మీద నిలబడి పిట్టల్ని తోలుతూ నేర్చుకున్నదట. మీరు ఆ వేళ్లు ఉంచుకుంటే ఆమె అన్నం దేనితో కలుపుకోవాలో కూడా రాయండి. చదివి వినిపిస్తే అత్తమ్మ ఏమాత్రం బెదరలేదు. "రసీదిస్తరట గదా, పోదాం పా" అంటున్నది. శుక్రవారం తీసుకొస్తాను.

సీసాను ఉత్సాహం అన్నారు. నా బిడ్డ మోకాలు వాచింది, ఆ ఉత్సాహం ఇంకా తగ్గలేదు. మా వాడ వాళ్లం గట్టిగా దగ్గినా గార్డు తిరిగి చూస్తాడు. కోపం వస్తున్నది సార్, దాచుకోను.

ఇట్లు,
భాగ్య

తా.క. సీసా విసిరినావిడ పసుపు కుర్తా వేసుకుంది. ఆవిడకు టీ మీ టేబుల్ మీది నుంచే వెళ్లింది. నేను చూశాను.


పోటీల కార్యాలయం, శుక్రవారం సాయంత్రం

భాగ్య గారికి,

ఈ రోజు విచారణలో జరిగింది మీరూ చూశారు. అయినా రికార్డు కోసం రాస్తున్నాను.

పరికరాన్ని ఒక్కసారి ప్రయోగించి చూపమన్నది నేనే. కిటికీ బయట చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. లైబ్రరీ ముందు చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు మూసి నిలబడ్డారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పెళ్లి ఫొటోలు దిగుతున్న జంట పట్టుకున్న చేతులు వదిలేశారట. ముప్పై ఏళ్లు రిఫరీగా ఈల ఊదినవాణ్ణి. ఈల అంటే ఏమిటో ఈ రోజు తెలిసింది. నాకు ఇప్పటికీ చేతుల మీద రోమాలు దిగలేదు.

ఉప్పలమ్మ గారు "నా మనుమరాలి కోసం గానీ, మా వాడోళ్ల కోసం గానీ ఈల ఎయ్య. పోశమ్మ మీద ఒట్టు" అన్నారు. ఆ మాట రాసి, కింద వేలిముద్ర తీసుకున్నాం. ఈల వేసే వేలిదే. నిషేధం ఎత్తివేశాం.

భవదీయుడు,
సూర్యనారాయణ

తా.క. పసుపు కుర్తా విషయం పరిశీలనలో ఉన్నది. టీ విషయం సంఘం పరిధిలోకి రాదు.


మాణికేశ్వర్ నగర్, సోమవారం

కార్యదర్శి గారికి,

నా పాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఇది కొత్త ఫిర్యాదు, మా అత్తమ్మ మీద. ఆమెను జీవితాంతం నిషేధించండి.

నిన్న ఫైనల్ మళ్లీ నీలం కోట్ల బడితోనే. ఆఖరి నిమిషం, స్కోరు ముప్పై ముప్పై. నవత కూతకు వెళ్లి ఒకమ్మాయిని తాకి వెనక్కి వస్తున్నది. ఒకటే బూరల మోత. పసుపు కుర్తా ఆవిడ మళ్లీ సీసా విసిరింది, అంపైర్లంతా అటు తిరిగారు. అప్పుడే నవత మడమ పక్క గీత దాటింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను. చూసి తల దించుకున్నాను.

అత్తమ్మ ఈల వేసింది. బూరలన్నీ ఆగాయి. "మడిమ గీత దాటింది బిడ్డా, బయటికి రా" అంది. నవత నానమ్మ వైపు ఒకసారి చూసి, చెయ్యెత్తి, బయటికి నడిచింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

దారిలో "ఏందత్తమ్మా, మనోళ్లనే ఓడగొడితివి" అని అడిగాను.

"మనోళ్ల కోసం ఎయ్యనన్న. మనోళ్లు తప్పు జేస్తే ఎయ్యనని చెప్పిన్నా?" అంది.

ఇట్లు,
భాగ్య

తా.క. కోపంగానే రాస్తున్నాను గానీ, ఆ ఈల తర్వాత అంత పెద్ద మైదానంలో నా బిడ్డ అడుగుల చప్పుడు వినిపించింది సార్. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.


పోటీల కార్యాలయం, మంగళవారం

అమ్మా భాగ్య గారూ,

ఉప్పలమ్మ గారిని నిషేధించే అర్హత నాకు లేదు. ఆ పసుపు కుర్తా ఆవిడ నా కూతురు నిరోష. ఆ బడి జట్టు కెప్టెన్ నా మనుమరాలు. సీసా విసరడం రెండుసార్లూ చూశాను. రెండుసార్లూ మైకులో "దయచేసి" అన్నాను. అదే మీ వాడ మనిషైతే నా నోట ఆ మాట వచ్చేది కాదు. ఆ పెద్దామె సొంత మనుమరాలిని బయటికి పిలుస్తుంటే, చేతిలో మైకు పట్టుకుని సిగ్గుతో నిలబడిపోయాను.

నిరోషకు, బూరలు ఊదినవారికి వచ్చే ఏడాది పోటీలన్నిటికీ ప్రవేశం లేదని ఆదేశం ఇచ్చాను. ఇకనుంచి పక్క గీత దగ్గర ఉప్పలమ్మ గారికి ఒక కుర్చీ ఉంటుంది. స్పోర్ట్స్ హాస్టల్ కోచ్ పరుశురాం నిన్న వచ్చి "చెయ్యెత్తి బయటికొచ్చిన పిల్ల పేరేంది సార్" అని అడిగి, రాసుకుపోయాడు. హాస్టల్ నుంచి ఉత్తరం మీకు నేరుగా వస్తుంది.

ఉప్పలమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ,
సూర్యనారాయణ

తా.క. ఆదేశం మా ఇంట్లో చదివి వినిపించినప్పటి నుంచి నాకు టిఫిన్ బంద్ అయింది. రేపు పొద్దున మీ బండి దగ్గరికి వస్తున్నాను. కార్యదర్శి గదా అని చట్నీ ఎక్కువ వేయకండి. అందరికీ ఎంత వేస్తారో నాకూ అంతే వేయండి.