పాడైపోయిన పద్నాలుగు ఫొటోలు

ఫొటోల ఆఫీసు బాబుగారికి,

నాలుగో వీధి దర్జీ అమ్మ నమస్కారాలతో రాసుకునేది. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మన బజారు ఎంత పెరిగిందో చూపించడానికి డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫొటోని కూడలిలో గోడంత పెట్టారు కదా. దాని అడుగున తేదీ చూసి ఇంటికి పరుగెత్తి స్టూలు తెచ్చుకున్నాను. ఆ రోజుకి మా అబ్బాయి బతికే ఉన్నాడు. మేడల మీద వాన కారకుండా తెల్లరంగు పూసే పని వాడిది. ఎత్తు మీద పని, ఎప్పటికైనా పడతాడు అన్నారందరూ. వాడు పడలేదు. నెల తిరక్కుండా జ్వరమొచ్చి పోయాడు.

ఆవేళ బట్టల కొట్టు మేడ మీంచి తిండికి దిగొచ్చి, "అమ్మా, మనల్ని పైనుంచి ఫొటో తీశారే!" అన్నాడు. "నీ మొహానికి ఫొటో కూడానా! కోతలు ఆపి తిను" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది. స్టూలెక్కి ఫొటో అంతా వెతికాను. ఆ మేడ మీద పెద్ద తెల్లబాణం ఉంది, మీవాళ్లే గీసుంటారు. వాడు మాత్రం లేడు. కాస్త చూసి పెడతారా?

ఇట్లు,
దర్జీ అమ్మ

తా.క.: మీ వాచ్‌మన్ నన్ను దిగమని గోల. నేల మీ ఆఫీసుదైతే కావచ్చు, స్టూలు నాది.

*

దర్జీ అమ్మగారికి,

విషయం: మేడ మీది వ్యక్తిని అనుమతి లేకుండా ఫొటో తీశామన్న మీ ఫిర్యాదు.

మీరేమీ కంగారు పడవద్దు. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని ఆ ఫొటోలోని మనుషులందరినీ కంప్యూటర్లో తుడిచేశాం. ఒక్కరూ మిగల్లేదని హామీ ఇస్తున్నాం.

ఇట్లు,
గుమాస్తా, ఫొటోల విభాగం

తా.క.: పొరపాటున ఒక కుక్క మిగిలింది. అభ్యంతరముంటే వారంలోగా తెలపగలరు.

*

బాబుగారూ,

తుడిచేశారా! మావాణ్ణి దేవుడు ఒకసారి తుడిచాడు, అది చాలదా? నేను అడిగింది తీసెయ్యమని కాదయ్యా, చూపించమని. బజారు పెరిగింది, పెరిగింది అని డప్పు కొడుతున్నారే, మనిషన్నవాడు లేకుండా ఎవరి కోసం పెరిగింది? కుక్క కోసమా?

తుడవని ఫొటో ఎక్కడైనా ఉంటే వెతకండి. ఆనవాలు చెబుతాను. పసుపు చొక్కా, నేనే కుట్టాను. గుడ్డ చాలక ఒక చెయ్యి ఎర్రగుడ్డతో వేశాను. అలాంటి చొక్కా ఈ లోకంలో ఇంకోటి ఉండదు, ఎవరూ వేసుకోరు.

ఇట్లు,
దర్జీ అమ్మ

తా.క.: కుక్కని ఉండనివ్వండి. అది మా సందులోదే.

*

దర్జీ అమ్మగారికి,

విషయం: ఎర్రచెయ్యి నిందితుణ్ణి పట్టించినందుకు అభినందనలు.

ఆనాటి ఫొటోల్లో పద్నాలుగు పాడైతే పక్కన పడేశాం. కారకుడు మీరు చెప్పిన చొక్కా మనిషే. బట్టల కొట్టు మేడ మీద నిలబడి చేతులు ఊపాడు. డ్రోన్ పక్కకు తిప్పితే చెప్పుల కొట్టు మేడ మీద ప్రత్యక్షం. మళ్లీ తిప్పితే మందుల కొట్టు మేడ మీద చెంపకు చెయ్యి ఆనించుకుని పడుకున్నాడు. బ్యాంకు మేడ మీద తలకిందులుగా నిలబడ్డాడు. ఆఫీసు పనికి అడ్డు తగిలినందుకు అతను ఏడు రోజుల్లో స్వయంగా వచ్చి సంజాయిషీ ఇవ్వాలి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఆచూకీ దొరక్క ఏడాదిగా ఈ ఫైలు మూతపడలేదు. మా పెద్దాయన రోజూ నన్నే తిడుతున్నారు.

*

నా బంగారు నాయనా,

వాడే! ముమ్మాటికీ వాడే! తిన్నగా నిలబడ్డాడని రాసుంటే నమ్మేదాన్ని కాదు. సంజాయిషీకి వాడు రాలేడు బాబూ, నా మొదటి ఉత్తరం మళ్లీ చదువు. నేనొస్తాను. ఏ నేరం రాసుకుంటావో రాసుకో, వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను. ఆ పాడైపోయిన ఫొటోలు మాత్రం పారెయ్యకు.

ఇట్లు,
నిందితుడి అమ్మ

తా.క.: తలకిందులుగా నిలబడ్డాడా? రంగు పూస్తున్నానని చెప్పాడు నాతో, వెధవ! ఇంటికి రానీ... రాడులే.

*

అమ్మా,

మీ మొదటి ఉత్తరం ఇప్పుడు పూర్తిగా చదివాను. నన్ను క్షమించండి. పద్నాలుగు ఫొటోలూ పెద్దవి చేయించి పంపుతున్నాను. సంజాయిషీ అక్కర్లేదు.

ఒకటే సందేహం. బాణం మేం గీసింది కాదు. చివరి ఫొటోలో మీ అబ్బాయి బ్రష్షు పట్టుకుని దాని పక్కనే నిలబడి పైకి చూసి నవ్వుతున్నాడు. బాణం కొస చూపిస్తున్న చోట చిన్న డాబా. దాని మీద ఒకావిడ గరిటె ఎత్తి ఎవరినో తిడుతోంది. ఫైలు మూయాలంటే ఆవిడ ఎవరో రాయాలి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఆవిణ్ణి చూసి మా పెద్దాయన కూడా జడుసుకున్నారు.

*

నాయనా,

ఆవిడ నేనే.

తిండి చల్లారిపోతోందని కేకేస్తున్నాను. "ఆ గంతులు ఎవరికిరా, కాకులకా?" అన్నాను. డ్రోన్ పక్కకు పోయినప్పుడల్లా దాన్ని మా డాబా వైపు తిప్పాలని మేడా మేడా గెంతి, చివరికి బాణం కూడా గీశాడన్నమాట పిచ్చి సన్నాసి. నన్ను ఫొటో తీయించాలని! నేనేమో కోతలన్నాను.

ఆ చివరి ఫొటోని నా కుట్టుమిషను పక్కనే పెట్టుకున్నాను. "ఒరే, నువ్వు చెప్పింది నిజమేరా" అని పొద్దున్నే చెప్పాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఫైల్లో రాసెయ్యి: అడ్డు తగిలింది కొడుకు, కారణం తల్లి.

ఇట్లు,
బాణం కొసన ఉన్నావిడ

తా.క.: మళ్లీ డ్రోన్ ఎగరేసేముందు ఓ కార్డు ముక్క రాయి. ఆవేళ తల కూడా దువ్వుకోలేదు. ఈసారి ఆ పసుపు చొక్కా వేసుకుని నిలబడతాను. నన్ను తుడిచారంటే మాత్రం, గరిటె ఇంకా ఇంట్లోనే ఉంది.