ప్రార్థన నుంచి లేచేటప్పుడు

ఏమయ్యా,

మిల్లు బండి వచ్చింది, వెళ్తున్నాను. మజ్జిగలో ఉప్పు వేసి ఉంచాను, తాగు. మంచం మీద కాసేపు కూర్చున్నాకే లే. ఈ వారం ఉపవాసం వద్దు.

చర్చిలో మోకాళ్ల మీంచి లేస్తూ నువ్వు కళ్లు తిరిగి పడిపోతే, "కడుపులో ఏదో పాపం పెట్టుకున్నాడే, అందుకే దేవుడు లేవనీలా" అంది మీ మేనత్త. నువ్వూ నమ్మేశావు. డాక్టరమ్మ చెప్పింది వేరు. లేవగానే నెత్తురు కాళ్లలోకి దిగుతుందట. అప్పుడు ఒళ్లు, భయమేసినప్పటిలాగే, అడ్రినలిన్ వదులుతుందట. నీకది మోతాదు మించి, బిగియాల్సిన రక్తనాళాలు వదులైపోయి, తలకి నెత్తురందక కళ్లు తిరుగుతున్నాయట. నీ మనసులో ఏమీ లేకపోయినా ఒళ్లు భయపడుతోంది, అంతే. పాస్టరు గారి ముందు ఒప్పుకోవడానికి పాపం వెతుక్కోకు.

సలోమి

వచ్చే ఆదివారం నేను ఆడవాళ్ల వైపు కూర్చోను. నీ పక్కనే మోకరిస్తాను. మీ మేనత్తని ఏమన్నా అనుకోనీ.