మందు కొట్టే పైపు, టిప్పర్ స్టీరింగ్

బేస్తవారం

పవర్ ప్లాంట్ బూడిద ఏస్కొని కల్మల ఊరు దాటంగనే నా టిప్పర్ స్టీరింగుకు ఆయిల్ పోయే పైపు పలిగింది. కాగిన ఆయిల్ ఇంజన్ మీద పడి పొగ లేసింది. స్టీరింగ్ బండరాయి లెక్క బిగుసుకుంది. ఎదురుంగ బస్సు. ఎట్ల బయటపడ్డనో నాకే తెల్వదు.

ఆ పైపు మా అన్న ఇంట్ల కూసొని చేసింది. వరికి మందు కొట్టే పైపు కోసి, క్లిప్పులు బిగించి, "ఇది గూడ ప్రెషర్ పైపే గదరా" అన్నడు. మందు సల్లగుంటది, ఆయిల్ కాగుతది. గంత తెల్వదా? అడిగితే నవ్వుతడు!

"నా జీపుకు గూడ గదే ఏసిన. ఏం గాలే."

పొద్దుగాల ఆ జీపుల వదినను, పిల్లల్ని కవితాళకు తీస్కపోతడంట. జీపు తాళంచెవి నా దిండు కిందుంది. లేసి ఎంత లొల్లి చేస్తడో చెయ్యనీ.