తెప్ప మీద ఆదాము హవ్వ

సెడాలియా, మిసోరి
1936 మార్చి 8, ఆదివారం

అక్క జెల్మాకు చెల్లెలు ఓపల్ వందనాలు. నాన్న దగ్గు తగ్గిందని, నీ కోళ్లు మళ్లీ గుడ్లు పెడుతున్నాయని తలుస్తాను. ఇక్కడ మీ మరిది వర్జిల్ చెయ్యి మానుతోంది గానీ, రైలు పెట్టెలు తగిలించే పనికి వేసవి దాకా పిలవరట. అందాకా స్టేషన్ ఎదుట హాస్కెట్ గారి హోటల్లో నేను వడ్డించి తెచ్చేదే ఇంటికి ఆధారం.

ఆ పనే నాకు అంతుపట్టడం లేదక్కా. ఇక్కడ గుడ్లను గుడ్లు అనరు. రొట్టె మీద రెండు గుడ్లు కావాలంటే వంటగది వైపు తిరిగి "తెప్ప మీద ఆదాము హవ్వ!" అని కేకెయ్యాలి. ఆ గుడ్లు చిదిపి వేయించాలంటే "తెప్ప ముంచెయ్!" అనాలి. పాలు లేని కాఫీ అయితే "చీకట్లో ఒకటి తోడు!" ఇవి ఎక్కడ పుట్టాయని అడిగితే తలో కథా చెబుతారు. నదిలో దుంగలు తోలేవాళ్ల మాటలని ఒక ఇంజను డ్రైవరు, ఎవరో తాగుబోతు పాస్టరు మాటలని నాతో వడ్డించే హేజెల్. వంట చేసే ఆర్విల్ గారిని అడిగితే మొహం ఎర్రబడి, పెనం వైపు తిరిగిపోయారు. ఏం తప్పు అడిగానో తెలియలేదు.

ఇరవై మంది మగవాళ్ల ముందు అలా అరవడానికి నాకు నోరు పెగల్లేదు. అందుకని ఎవరేం అడిగారో కాగితం ముక్క మీద గుండ్రంగా రాసి వంటగది కిటికీలో పెడుతున్నాను. కానీ మాంసం కూర అని రాస్తే గుడ్లొస్తాయి, గుడ్లని రాస్తే చిక్కుడు గింజలొస్తాయి. నిన్న ఒక గార్డు పళ్లెం వెనక్కి తోసి, "ఏం పిల్లా, నేనడిగింది వెనక స్టేషన్లో దిగిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. హాస్కెట్ గారు నన్ను పక్కకి పిలిచి, ఇంకొక్క పళ్లెం వెనక్కొస్తే మర్నాటి నుంచి రానక్కర్లేదన్నారు. "నోరు తెరవవే తల్లీ, ముత్యాలేం రాలిపోవు" అంటుంది హేజెల్. ఆర్విల్ గారికి నా మీద ఎందుకంత కోపమో తెలియదు. వర్జిల్‌కి ఇదేమీ చెప్పలేదు.

నీ చెల్లెలు
ఓపల్

తా.క.: ఈ ముక్క ఎవరికీ చదివి వినిపించకు. కవరు అంటించబోతుంటే ఆర్విల్ గారు టోపీ చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కళ్లజోడు పగిలిందట, కూతురి ఉత్తరం చదివిపెట్టమన్నారు. వచ్చి మూడు వారాలైన ఉత్తరం అది. మనవరాలు పుట్టిందని ఉంది. ఆ ముక్క ఇంకోసారి చదివించుకున్నారు. తరవాత, అసలు కళ్లజోడే లేదన్నారు. "మామూలుగా చెబితే గోలలో కలిసిపోతుందమ్మా, వింతగా అరిస్తే మర్చిపోను. ఆ మాటలెక్కడ పుట్టాయో నాకూ తెలీదు. ఈ హోటల్‌కి తెచ్చింది మాత్రం నేనే. పంతొమ్మిదేళ్లలో కాగితం పెట్టినదానివి నువ్వొక్కదానివే" అన్నారు.

హాస్కెట్ గారికి చెబితే నా ఉద్యోగం నిలుస్తుంది, ఆయనది పోతుంది. చెప్పను. రేపు కేకే వేస్తాను. ఇప్పుడే ఇంట్లో రెండుసార్లు అరిచి చూశాను. పక్కింటావిడ కిటికీ తీసి, ఎవరికైనా బాగాలేదా అని అడిగింది. అందరం బాగున్నామని చెప్పాను, అదీ గట్టిగానే.