తెరచాప తాడు

చెల్లాయికి,

నువ్వు కొన్న పడవలో ఏది దేనికో రాసి పంపమన్నావు. చిన్నప్పుడు చెబితే చెవిన పెట్టలేదు, ఇప్పుడు విను.

నడుమ నిలువుగా ఉన్నది స్తంభం. దానికి కింద అడ్డంగా బిగించినది అడ్డకొయ్య. గాలి మారితే అది విసురుగా అటునుంచి ఇటు తిరుగుతుంది, తల వంచకపోతే బొప్పి కడుతుంది. నా నుదుటి మీద మచ్చ దాని చలవే. వెనక నీళ్లలో ఉన్నది చుక్కాని. పిడిని ఎడమకు నెడితే పడవ కుడికి పోతుంది. అచ్చం నీలాగే, ఒకటి చెబితే ఇంకోటి చేస్తుంది. లంగరు వేసేముందు దాని తాడు రెండో కొస పడవకు కట్టి ఉందో లేదో చూసుకో. నవ్వకు, ఒక లంగరు అలాగే పోగొట్టుకున్నాను.

ఇక తెరచాపను లాగి పట్టే తాడు. దాన్ని ఎప్పుడూ కొయ్యకు కట్టెయ్యకు, చేత్తోనే పట్టుకో. పెద్దగాలి కొడితే వెంటనే వదిలెయ్యాలి. కట్టేసి ఉంటే, విప్పేలోగా పడవ బోల్తా పడుతుంది.

మన పాత పడవ అలాగే మునిగింది. నాన్న తాడు కట్టేసి కునుకు తీశాడని అందరూ అన్నారు. నువ్వూ అన్నావు. ఇప్పటికీ ఆయన్ని పడవ ఎక్కనివ్వడం లేదు.

ఆ తాడు కట్టింది నేను. చేతులు నొప్పి పుడుతున్నాయని కట్టేశాను. ఒడ్డుకు ఈదుకొచ్చాక నాన్న ఒక్కటే అన్నాడు, "నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటాను." పన్నెండేళ్లుగా నేను మాట్లాడలేదు.

ఆదివారం పడవ తీసేటప్పుడు ఆయన్ని ఎక్కించుకో. ఏమీ చెప్పక్కర్లేదు. తాడు ఆయన చేతికివ్వు.

అన్నయ్య